కచ్చేరి విద్య

శ్రీరామనవమి పందిళ్లలో పాటకచ్చేరీలు జరుగుట మన పట్టణములకును పెద్ద గ్రామములకును చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. పానకమును వడపప్పును స్వీకరించి, చాపలపై కూర్చుండి, నడిరేయి దాటువరకు సంగీతము వినుట మన పెద్దలకు వేడుకయై యుండెను. వినువారికి వేడుకయైన ఆ పందిళ్లే పాడువారికి పాఠశాలలు. ఆ పాఠశాలలు నేడు పలుచబడుచున్నవి. సంగీతము నేర్చు బాలబాలికలకు మన యూళ్లలో కొరత లేదు. కళాశాలలు కలవు, పరీక్షలు కలవు, పట్టములు కలవు. కాని పట్టము పుచ్చుకొన్న యువకుడు నలువురి యెదుట రెండు గంటలసేపు పాడి మెప్పించుటకు వలయు విద్యను ఎచ్చట నేర్వవలయును? ఈ ప్రశ్న గాయకులది మాత్రమే కాదు, వినువారిది కూడ. ఏలయన, ఆ విద్యకు గురువులలో నొకరు శ్రోతలే.

కొన్ని యేండ్ల క్రిందట కృష్ణాతీరమున నొక చిన్న పట్టణమందలి పందిటిలో మేమొక కచ్చేరి వింటిమి. గాయకుడు యువకుడు. పరీక్షలో మొదటి తరగతిని ఉత్తీర్ణుడైనవాడు, శారీరము చక్కనిది, పాఠము శుద్ధమైనది. గుండెదడచే గాబోలు, అతడు వర్ణమును తాను అభ్యసించిన కాలముకంటె హెచ్చు వేగమున ఎత్తుకొనెను. మూడవ కీర్తన ముగియునప్పటికి గొంతు బొంగురుపోయెను. కల్యాణి రాగాలాపనలో తాను నేర్చిన సంగతులలో ఒక్కటియు విడువక పాడెను. వయొలిన్ విద్వాంసునకు వాయించుటకు క్రొత్తది మిగులలేదు, సభకు వినుటకు ఓపిక మిగులలేదు. స్వరకల్పనలో ఎత్తుగడ తప్పెను. ఒక్క క్షణము తాళము వేయుచున్న అతని చేయి తొడపై నిలిచిపోయెను. అప్పుడు వృద్ధుడైన మృదంగ విద్వాంసుడు, అతనివైపు చూడకయే, సమము ఎచ్చట నున్నదో స్పష్టముగా తెలియునట్లు రెండావృత్తములు వాయించెను. యువకుడు దారి పట్టుకొనెను. సభలో పదిమందికంటె హెచ్చుమంది ఆ సంగతి గ్రహించి యుండరు.

మంగళము ముగిసిన పిదప యువకుడు వేదిక వెనుక కన్నీరు పెట్టుకొనుచుండగా, ఆ వృద్ధుడు మృదంగమును గుడ్డసంచిలో పెట్టుచు పలికిన మాట మేము మరువలేదు: “పాట నీకు వచ్చింది నాయనా. సభ ఇంకా రాలేదు. అది ఇంట్లో రాదు, ఇక్కడే వస్తుంది. వచ్చే యేడు మళ్లీ రా.”

ఈ నాలుగు మాటలలో విషయమంతయు ఇమిడి యున్నది.

గదిలోని పాట, సభలోని పాట

గురుసన్నిధిని తప్పు జరిగినచో ఆపి మరల పాడవచ్చును. సభలో ఆపుటకు వీలులేదు. గదిలో శిష్యుడు తన గొంతును మాత్రమే వినును. సభలో తన గొంతును, తంబురాను, వయొలినును, మృదంగమును, శ్రోతల నిశ్శబ్దమును ఏకకాలమున వినవలయును. గదిలో పాఠము జ్ఞాపకమున్న చాలును. సభలో పాఠము మరచినప్పుడు ఏమి చేయవలయునో తెలియవలయును. సాహిత్యము తడబడినచో కలవరము కనబడనీయక పల్లవికి మరలుట, గొంతు ఎండినచో వయొలినునకు అవకాశ మొసంగుట, తీగ తెగినచో దానిని మార్చుకొనువరకు సభను చెదరనీయక పట్టి యుంచుట, ఇవి పరీక్షాపత్రములలో అడుగబడు ప్రశ్నలు కావు.

భూమిని నమ్ముకొన్న పాఠకునకు ఈ భేదమును విస్తరించి చెప్ప నక్కరలేదు. నారుమడిలో నారు పచ్చగా పెరిగినంత మాత్రమున పంట చేతికి రాదు. దానిని పీకి పొలమున నాటవలయును. నాటిన కొన్ని దినములు అది తల వాల్చును. వాడినదని నాటుట మానుకొనిన రైతు ఎచ్చటను లేడు. మన సంగీత విద్యయందు మాత్రము నారుమళ్లను పెంచి, పొలమును మరచుచున్నాము.

కచ్చేరి కూర్పు

సభావిద్యలో మొదటి పాఠము శ్రుతి. వేదిక నెక్కిన పిదప శ్రుతి చేసికొనుటకు మిక్కిలి కాలము తీసికొనినచో సభ చెదరును. తొందరపడినచో కచ్చేరి యంతయు చెడును. మృదంగపు కుడిమూతిని తట్టి తట్టి గాయకుని షడ్జమునకు చేర్పవలయును. ఎడమమూతికి రవ్వముద్ద నంటించి గుంభనమైన నాదము రప్పించుకొనవలయును. దీపముల వేడికిని, జనసమ్మర్దపు ఉక్కకును తీగలు సడలును, చర్మపు బిగువు మారును. అనుభవజ్ఞుడు ఈ పనిలో ముప్పాతిక లోపలనే ముగించుకొని వచ్చును. పిదప పాటకును పాటకును నడుమ, శ్రోతలు గమనింపకుండగనే, సరిచూచుకొనుచుండును.

రెండవ పాఠము కూర్పు. నేడు మనము వినుచున్న కచ్చేరి పద్ధతి అనాదిసిద్ధము కాదు. వెనుకటి విద్వాంసులు రాగాలాపనమును పల్లవిని ప్రధానముగా గొని గంటల తరబడి పాడుచుండిరి. అరియక్కుడి రామానుజ అయ్యంగారు (1890–1967) ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున ఈ కూర్పును తీర్చిదిద్ది స్థిరపరచిరని సంగీతజ్ఞులు చెప్పుదురు. మొదట వర్ణము, తరువాత చురుకైన చిన్న కీర్తనలు, నడుమ నొక విలంబకాల కృతి, అటుపిమ్మట ఆలాపన, నెరవు, స్వరకల్పనలతో ప్రధాన కృతి, దాని వెంట మృదంగపు తనియావర్తనము, వీలున్నచో రాగము, తానము, పల్లవి, తుదకు పదములు, జావళీలు, తిల్లాన, మంగళము.

ఈ వరుసకు కారణము కలదు. వర్ణము గొంతును మేల్కొలుపును, వ్రేళ్లను సాగదీయును, ముగ్గురు విద్వాంసులను ఒక్క లయకు తెచ్చును. చిన్న కీర్తనలు ఆలస్యముగా వచ్చిన శ్రోతలు కుదురుకొనునంత వ్యవధి నిచ్చును. సభయు గొంతును నిండుగా నున్న సమయమునకే ప్రధాన రాగము రావలయును. ఒకే ఛాయగల రాగములను వెంటవెంట పాడరాదు. ఆదితాళము తరువాత రూపకమో మిశ్రచాపో పడవలయును. ఇది మన పెండ్లి విందులోని వడ్డన వంటిది. పప్పు, కూర, పులుసు, పెరుగు అన్నియు కమ్మనివే యైనను, వరుస తప్పి వడ్డించినవాని నెవరును మెచ్చరు. వడ్డించువాడు విస్తరిని చూచినట్లు గాయకుడు సభను చూడవలయును.

గడియారమును చూచుట కూడ విద్యయే. తొలి గంటలో చిన్న కీర్తనలను పెంచి, ప్రధాన కృతి వచ్చు సమయమునకు శ్రోతలు చివరి బస్సునకై లేచునట్లు చేసికొను యువకులు పెక్కుమంది. ఎంత పాడవలయునో నేర్చుట సులభము; ఎచ్చట ఆపవలయునో నేర్చుట కష్టము. ఇది సభ వలననే తెలియును.

మూడవ పాఠము ప్రక్కవాద్యములవారితో నడవడి. కచ్చేరి ఒక్కని సొత్తు కాదు. వయొలిన్ విద్వాంసుడు గాయకుని నీడవలె వెన్నంటును. ఆలాపనలో తన వంతు వచ్చినప్పుడు తన బుద్ధిని చూపును. అతడు వాయించుచుండగా గాయకుడు శ్రుతిపెట్టెను సవరించుకొనుచు, కాగితములు త్రిప్పుచు నుండుట మర్యాద కాదు. అతడు విన్నగదా సభ వినును. తనియావర్తనమునకు తగిన కాలము విడువవలయును. అది ముగిసి మృదంగము కోర్వై వాయించి వచ్చి చేరునప్పుడు పల్లవిని తప్పక అందుకొనవలయును. కనుసైగలతో, తల ఊపుటతో జరుగు ఈ సంభాషణ నూరు పాఠములు చెప్పినను రాదు. పెద్ద విద్వాంసుల ప్రక్కన పదిమార్లు కూర్చుండిన వచ్చును.

పెద్దలు నేర్చిన తీరు

మన పెద్దలు ఈ విద్యను వేరుగా బోధింపలేదు; బోధింప నక్కరలేకుండ ఏర్పాటు చేసికొనిరి. గురుకులమున శిష్యుడు గురువు వెంట ఊరూరు తిరుగును. కచ్చేరిలో గురువు వెనుక కూర్చుండి తంబురా మీటును. కొన్ని యేండ్లు మీటిన పిదప గురువు పాటకు గొంతు కలుపును. ఒకనాడు గురువు హఠాత్తుగా తల వెనుకకు త్రిప్పి, స్వరము నందుకొమ్మని సైగ చేయును. ఆ ఒక్క ఆవృత్తమే శిష్యుని తొలి పరీక్ష. తప్పినను పెద్ద ముప్పు లేదు. గురువు గొంతు వెంటనే కప్పివేయును. ఇట్లు భయము కొంచెము కొంచెముగా తీరును.

త్యాగరాజస్వామి శిష్యపరంపరలోని సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారు (1883–1951). వారు విజయవాడయందు పెక్కుమంది శిష్యులను తీర్చిరి. కోనసీమయందలి శంకరగుప్తమున 1930లో జనించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు వారి శిష్యులే. విజయవాడలో జరిగిన ఆరాధనోత్సవమున ఎనిమిదేండ్ల ప్రాయమున ఆయన పూర్తి కచ్చేరి చేసిరి. హరికథా విద్వాంసులైన ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారుగారు మురళీకృష్ణయను పేరునకు ముందు ‘బాల’ శబ్దమును చేర్చిరి. ప్రతిభ అసాధారణమే, సందేహము లేదు. కాని ఎనిమిదేండ్ల బాలునకు వేదిక నిచ్చి, విద్వాంసులు ప్రక్కవాద్యములు పట్టి, జనులు కూర్చుండి వినిన ఆ సభ లేకున్నచో ఆ ప్రతిభ ఎవ్వరికి తెలిసెడిది? 2016లో ఆయన మరణించినప్పుడు దేశమంతయు ఘనకీర్తి కలవానిని కోల్పోతిమని చింతించెను. ఆ కీర్తికి తొలి వేదిక మన యూరి ఉత్సవ పందిరి యని జ్ఞప్తి నుంచుకొనవలయును.

ద్వారం వేంకటస్వామినాయుడుగారి (1893–1964) చరిత్రము మరియొక పాఠము. 1919లో విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల వెలసినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) దాని ప్రథమాధ్యక్షులైరి; 26వ యేట నాయుడుగారు అచ్చట వయొలిన్ ఆచార్యులైరి; 1936లో అధ్యక్షపదవిని స్వీకరించిరి; 1941లో సంగీత కళానిధి బిరుదము నందిరి. వయొలినును ఒంటిగా కచ్చేరి చేయదగిన వాద్యముగా నిలిపిన ఆయన, మహాగాయకుల ప్రక్కన కూర్చుండి వాయించుటను తక్కువగా చూడలేదు. ముందు ఇతరుల పాటను వెన్నంటి వినుటలో పండిన చెవి, పిదప ఒంటరిగా సభను ఏలెను.

నారాయణదాసుగారి హరికథయో, సభావిద్యకు మహావిద్యాలయమే. కాళ్లకు గజ్జెలు, చేత చిడతలు. పాట, మాట, ఆట, కథ, హాస్యము అన్నియు ఒక్కని భారము. గంటల తరబడి నిలుచుండి, పండితునకు పాండిత్యమును, పామరునకు కథను పంచిపెట్టవలయును. సభ కునికినచో పిట్టకథ; సభ కరగినచో పద్యము. అట్టి మహనీయుడు సంగీత కళాశాలకు అధ్యక్షుడగుట ఎంతయు ఉచితము. గదికిని సభకును నడుమ గోడ లేదని ఆ నియామకమే చాటినది.

ఈ సందర్భమున కళావంతుల కుటుంబముల ఋణమును కూడ ఒప్పుకొనుట ధర్మము. గోదావరీతీరమున పదములను జావళీలను గానాభినయములతో నిలిపినవారు వారు. ఆ యిండ్లలో బాలిక పసితనముననే పెద్దల మేళమున కూర్చుండి సభను నేర్చెడిది. లోకము వారి విద్యను అనుభవించి, వారికి గౌరవము నొసగుటలో లోభించెను. నేడు మన కచ్చేరీల తుదిభాగమున తీయగా వినవచ్చు పదమునకు వెనుక వారి శ్రమ కలదు.

నేటి స్థితి

నేటి యువకులకు వెనుకటివారికి లేని సౌకర్యములు కలవు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ ఆకాశవాణి కేంద్రము వెలసినది మొదలు మన ప్రాంతమున విద్వాంసులకు క్రొత్త వేదిక దొరకినది; గడియారపు ముల్లు నాజ్ఞగా గొని పాడుటను అది నేర్పినది. నేడు సెల్‌ఫోనులో మహావిద్వాంసుల కచ్చేరీలను ఎన్నిమారులైన వినవచ్చును. సముద్రముల కావలనున్న తెలుగు బాలికలు కంప్యూటరు తెరపై గురువును చూచుచు పాఠము నేర్చుచున్నారు. ఇదంతయు మేలే.

అయినను యంత్రము సభ కాజాలదు. 2020లో కరోనా వ్యాధిచే సభలు మూతపడినప్పుడు విద్వాంసులు తమ యిండ్లలో కూర్చుండి తెరల యెదుట పాడిరి. పాట చేరినది, ఆహాకారము మరలి రాలేదు. శ్రోత తల యూపునప్పుడు గాయకునకు పుట్టు క్రొత్త సంగతి ఆ తెరలో పుట్టదు. మైకు సంగతియు నిట్టిదే. అది లేని కాలమున గాయకులు హెచ్చు శ్రుతిలో పాడి, పందిటి తుదివరకు గొంతు వినిపింపవలసి వచ్చెడిది. మైకు గొంతునకు శ్రమ తగ్గించి సూక్ష్మమైన గమకములను కూడ దూరమునకు చేర్చినది. కాని దానిని మ్రింగునట్లు పాడినచో పాట చెడును, దానికి దూరమైనచో పాట మాయమగును. ఇదియు నేర్వవలసినదే, వేదికపైననే నేర్వవలసినది.

కళాశాలలను మేము నిందింపము. నేదునూరి కృష్ణమూర్తిగారు (1927–2014) విజయనగర కళాశాలలో చదివిరి. పిదప డాక్టరు శ్రీపాద పినాకపాణిగారి సన్నిధిని తమ పాటకు మెరుగు పెట్టుకొనిరి. పట్టము ప్రయాణమునకు ఆరంభము కాని అంతము కాదని ఆయన చరిత్రము తెలుపుచున్నది. కళాశాల పాఠము చెప్పగలదు. శ్రోతలను చేర్చి యీయవలసినది ఊరు.

చెన్నపురి మార్గము చూడుడు. 1927 డిసెంబరులో అచ్చట జరిగిన కాంగ్రెసు మహాసభతో పాటు సంగీత సభ యొకటి జరిగెను; దాని ఫలముగా 1928లో మ్యూజిక్ అకాడమీ స్థాపితమయ్యెను. అకాడమీ వారి డిసెంబరు ఉత్సవములలో అపరాహ్ణపు కచ్చేరీలు యువకులకు, సాయంకాలపు కచ్చేరీలు పెద్దలకు కేటాయించు పద్ధతి కలదు. మధ్యాహ్నమునుండి సాయంకాలమునకు చేరుట యొక మెట్లవరుస. మన బాలబాలికలు ఆ మెట్ల నెక్కుటకు చెన్నపురికి పోవుచున్నారు. పోవుట తప్పు కాదు. త్యాగయ్య తంజావూరు సీమలో నుండి తెలుగున పాడెను. సంగీతమునకు ఎల్లలు లేవు. కాని ఆ తెలుగు కృతులను తెలుగు సభలో పాడి నేర్చుకొను అవకాశము మన పిల్లలకు మన యూళ్లలో లేకపోవుట సిగ్గుచేటు కాదా?

మన కర్తవ్యము

వెనుక విజయనగరము, పిఠాపురము మున్నగు సంస్థానములు విద్వాంసులను పోషించెను. 1948 నాటి శాసనముతో జమీందారీలు రద్దయినవి. ఆ భారము సభలపైనను, పట్టణవాసులపైనను, గ్రామములందలి సంపన్న గృహస్థులపైనను పడినది. ఇందుకు లక్షలు అక్కరలేదు. కొన్ని సులభమైన పనులను సూచించుచున్నాము.

ప్రతి ఉత్సవమునను పెద్ద కచ్చేరికి ముందు అరగంట యొక యువగాయకునకు విడువుడు. వానికి ప్రక్కవాద్యములు వాయించుటకు పెద్దవారినే నియమింపుడు. వారికి పెద్ద కచ్చేరికి ఇచ్చు గౌరవమునే యిండు. పైని చెప్పిన వృద్ధ మృదంగ విద్వాంసుడు లేకున్న ఆ యువకుడు ఆ రాత్రియే పాట మాని యుండెడివాడు. వేదిక నిచ్చుటకై యువకుని యొద్దనే చందా పుచ్చుకొను దురాచార మెచ్చటనైన నున్నచో దానిని తొలగింపుడు. విద్యను అమ్ముకొనుట యటుండ, విద్యార్థికి వేదికను అమ్ముట అంతకంటె హీనము. కచ్చేరి నడుమ సన్మానములును ఉపన్యాసములును పెట్టి, వేడెక్కిన గొంతును చల్లార్చకుడు. ఆరాధనోత్సవములలో ఘనరాగ పంచరత్నములను గోష్ఠిగా పాడునప్పుడు బాలురను వెనుక వరుసకు నెట్టక పెద్దల నడుమ కూర్చుండబెట్టుడు. నూరు గొంతుల నడుమ దాగి పాడుటయే సభాభయమునకు తొలి మందు. కళాశాలలవారు పట్టమిచ్చుటకు ముందు ప్రతి విద్యార్థిచేతను బహిరంగ సభలో నొక కచ్చేరి చేయించి, దానికిని గుణములు వేయుట మంచిది.

శ్రోతలకు సూచన యొకటే. మృదంగపు తనియావర్తనము ఆరంభము కాగానే లేచిపోకుడు. యువకుడు తడబడినప్పుడు నవ్వకుడు. చక్కని సంగతి పడినప్పుడు మౌనము వహింపకుడు. ‘భళీ’ యను ఒక్క మాట ఒక్కొకప్పుడు ఆరు నెలల సాధకము చేయు మేలు చేయును. తప్పును మన్నించు సభ చెడ్డ సంగీతమును పెంచునని కొందరి శంక. మన్నించుట వేరు, మెచ్చుట వేరు. తప్పును తప్పుగా ఎరిగియు, వచ్చే యేడు మరల రమ్మని పిలిచిన సభయే నిజమైన గురువు.

ఆ కృష్ణాతీరపు యువకుడు మరుసటి సంవత్సరము మరల వచ్చెను. వర్ణమును నిదానముగా ఎత్తుకొనెను. కల్యాణిని సగము పాడి, మిగిలిన సగమును వయొలినునకు విడిచి, కన్నులు మూసికొని వినెను. స్వరకల్పనలో ఎత్తుగడకు వచ్చి చేరునప్పుడు వృద్ధుడు అతనివైపు చూచి చిరునవ్వు నవ్వెను. ఆ యేడు వేదిక వెనుక మాటలు జరుగలేదు, అవసరము లేకపోయెను.

ఆ రెండవ యేటి పందిరి లేకున్నచో మొదటి యేటి పాఠము వ్యర్థమయ్యెడిది. మన ప్రతి యూరిలోను అట్టి యువకుడొకడు, అట్టి బాలిక యొకతె, రెండవ పిలుపునకై ఎదురుచూచుచున్నారు. నవమి పందిళ్లు వేయు ధర్మకర్తలును, వాని ఖర్చులు భరించు గృహస్థులును ఈ సంవత్సరమైన వారిని పిలుతురుగాక.